గే ఆటగాళ్ళు తమ విషయం ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలి?

"కోచ్‌కి చెబితే టీమ్‌లోంచి తీసేస్తారా?" "ముందు ఇంట్లో చెప్పాలా, క్యాంపులో చెప్పాలా?" "ద్యుతీ చంద్ చెప్పింది కదా, నేనూ చెప్పేస్తే ఏమవుతుంది?" కబడ్డీ, అథ్లెటిక్స్, క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడే పిల్లల నుంచి ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. గే అబ్బాయిలకూ లెస్బియన్ అమ్మాయిలకూ ఇద్దరికీ పనికొస్తుంది.

ముందు ఒక మాట. చెప్పి తీరాలని రూలేమీ లేదు. చెప్పకుండా ఆడి రిటైరైనవాళ్ళు పిరికివాళ్ళు కారు. అయితే చెప్పాలని మీరు అనుకుంటే మాత్రం ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరస మీ చేతిలో ఉండాలి. మన దేశంలో ఆ వరస చెయ్యి జారితే ఎలా ఉంటుందో ద్యుతీ విషయంలోనే చూశాం. ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్ నుంచి వచ్చి, హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో శిక్షణ తీసుకుని, 2018 ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లు రెండింటిలోనూ రజతం గెలిచిన అమ్మాయి ఆమె. 2019 మేలో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. సొంత ఇంటి మనిషే 25 లక్షలు ఇమ్మని బ్లాక్‌మెయిల్ చేసిందని, అందుకే బయటపెట్టాల్సి వచ్చిందని తర్వాత ఆమే వివరించింది. అంటే ఆ రోజును ఎంచుకున్నది ఆమె కాదు. అయినా రెండు నెలలు తిరక్కుండానే నేపుల్స్‌లో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 11.32 సెకన్లలో 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. ఆమె ధైర్యం గొప్పదే. కానీ మీకు ఆ ఇరకాటం రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఉండాల్సినవి

- పద్దెనిమిదేళ్ళు నిండి ఉండటం. ఇంకా నిండకపోతే కింద చెప్పే ఏడు అంచెల్లో మూడో అంచె దాకా చేసి ఆగండి. బ్లాక్‌పూల్ క్లబ్బు ఫుట్‌బాల్ ఆటగాడు జేక్ డేనియల్స్ 2022 మేలో పదిహేడేళ్ళకే చెప్పాడు, నిజమే. కానీ అతని వెనక ఇల్లు, క్లబ్బు రెండూ నిలబడ్డాయి. స్పోర్ట్స్ హాస్టల్లో ఉండే మైనర్‌కి మన దగ్గర అంత రక్షణ లేదు.
- ఇంట్లోంచి పొమ్మన్నా, హాస్టల్ ఖాళీ చేయమన్నా తలదాచుకోవడానికి ఒక చోటు.
- మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు, మీ ఒక్కరి పేరు మీదే ఉన్న బ్యాంకు ఖాతాలో. ఏటీఎం కార్డు నాన్న దగ్గర ఉంటే ముందు అది తెచ్చుకోండి.
- ఆధార్, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, పతకాల పత్రాలు మీ దగ్గర. కనీసం స్కాన్ కాపీలైనా ఉండాలి.
- మీ ఆట రికార్డు: టైమింగులు, స్కోర్లు, ఫిట్‌నెస్ టెస్టు ఫలితాలు, సెలక్షన్ ట్రయల్స్ షీట్లు, తేదీలతో సహా. ఇది ఎందుకో చివర్లో చెబుతాను.
- రాత్రి రెండింటికి ఫోన్ చేసినా ఎత్తే ఒక మనిషి.

1. ఎందుకు చెప్పాలనుకుంటున్నారో కాగితం మీద రాయండి

"దాచి దాచి అలసిపోయాను", "పెళ్ళి సంబంధాలు ఆపాలి", "పార్ట్‌నర్‌తో కలిసి ఉండాలి" లాంటివి మంచి కారణాలు. ఫలానా ఫ్రెండ్ చెప్పమన్నాడని, ఎవరో హీరో అవుతావన్నారని, ఓడిపోయిన కోపంలోనో చెప్పకండి. రాసిన కాగితం చింపేయండి. ఫోన్ నోట్స్‌లో మాత్రం రాసుకోవద్దు.

2. ఫోన్ భద్రం చేసుకోండి

ఈ అంచె దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను. చాలామంది విషయం బయటపడేది నోటి నుంచి కాదు, ఫోన్ నుంచి.

క్యాంపులో ఒకే రూమ్‌లో నలుగురు ఉంటారు, ప్రాక్టీస్‌కి వెళ్తూ ఫోన్ మంచం మీద వదిలేస్తారు, లాక్ నంబరు అందరికీ తెలుసు. ముందు ఆ నంబరు మార్చండి. నోటిఫికేషన్‌లో మెసేజ్ కనబడకుండా సెట్ చేయండి. వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళి మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందేమో చూడండి. ఇంటి టీవీకి, తమ్ముడి ట్యాబ్‌కి మీ గూగుల్ అకౌంట్ కలిపి ఉంటే మీ ఫొటోలు అక్కడా కనబడతాయి. అది తీసేయండి.

డేటింగ్ యాప్ వాడుతుంటే జెర్సీతో, గ్రౌండ్‌లో, పతకంతో దిగిన ఫొటో పెట్టకండి. 2016 రియో ఒలింపిక్స్ అప్పుడు ఒక వెబ్‌సైట్ విలేకరి డేటింగ్ యాప్‌ల ద్వారా అథ్లెట్లను కలిసి, పేర్లు రాయకపోయినా ఎవరో పోల్చుకునేలా వివరాలు రాశాడు. వాళ్ళలో స్వలింగ సంబంధం నేరమైన దేశాల నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. గొడవ పెరిగాక ఆ వ్యాసాన్ని తీసేశారు. కానీ ఒకసారి చదివినవాళ్ళు చదివేశారు. కొత్తవాళ్ళను కలవాల్సి వస్తే జనం ఉండే హోటల్లోనో కేఫ్‌లోనో కలవండి, ఎక్కడున్నారో ఒకరికి తెలియనివ్వండి. యాప్‌లో పరిచయం చేసుకుని, రూమ్‌కి పిలిచి, వీడియో తీసి డబ్బు గుంజే ముఠాలు ఉన్నాయి.

ఇప్పటికే ఎవరైనా బెదిరిస్తుంటే వెంటనే ఇవి చేయండి:

డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు. చాట్ డిలీట్ చేయకండి. నంబరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, మీరు నమ్మే మనిషికి పంపి ఉంచండి. తర్వాత జవాబివ్వడం ఆపేయండి. బెదిరించి డబ్బు లాగడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, డబ్బు ఇప్పటికే పంపి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు, "మా పరిధి కాదు" అని పంపించేయకూడదు. తెలంగాణలో అమ్మాయిలు షీ టీమ్స్ దగ్గరికి కూడా వెళ్ళవచ్చు.

"నిన్ను అరెస్టు చేయిస్తా" అన్న బెదిరింపుకు భయపడకండి. ఇద్దరు మేజర్లు ఇష్టపూర్వకంగా కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. నేరం చేస్తున్నది బెదిరించేవాళ్ళే.

3. మొదటి మనిషిని ఎంచుకోండి

మొదటి మనిషి అమ్మానాన్నే కానక్కర్లేదు, కోచ్ కూడా కానక్కర్లేదు. మీ తిండికి, మీ సెలక్షన్‌కి సంబంధం లేని మనిషైతే మేలు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు జేసన్ కాలిన్స్ బంధువుల్లో మొదట చెప్పింది శాన్ ఫ్రాన్సిస్కోలో జడ్జిగా ఉన్న తన ఆంటీకి. ఆమె ఏళ్ళ కిందటే గ్రహించిందట. కవల సోదరుడికి ఆ తర్వాతే చెప్పాడు. మన ఇళ్ళలో ఆ మనిషి అక్క కావచ్చు, పిన్ని కావచ్చు, మేనమామ కావచ్చు, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న సీనియర్ కావచ్చు.

చెప్పే ముందు నాడి చూడండి. నేరుగా మీ విషయం ఎత్తకుండా ఒక వార్త ఎత్తండి. టీవీలో డబ్ల్యూపీఎల్ (మహిళల క్రికెట్ లీగ్) వస్తున్నప్పుడు, "ముంబయి ఇండియన్స్‌కి ఆడే నాట్ సివర్-బ్రంట్ ఉంది కదా, ఆమె తోటి ప్లేయర్ కేథరిన్ బ్రంట్‌నే పెళ్ళి చేసుకుంది తెలుసా?" అని అనండి. "అయితే ఏంటి, బాగా ఆడుతుంది" అంటే ఒక దారి. మొహం చిట్లించి నాలుగు మాటలు అంటే ఇంకో దారి. ఒక్కసారికే తేల్చేయకండి, వేరే రోజు వేరే వార్తతో చూడండి.

దగ్గర ఎవరూ లేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

4. ఇల్లు

ఇల్లు ముందా, టీమ్ ముందా అన్నదానికి అందరికీ ఒకటే జవాబు లేదు. నా అభిప్రాయం ఇది: మీ అద్దె, తిండి, షూస్ డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తున్నాయో వాళ్ళకి, వేరే ఆధారం దొరికాకే చెప్పండి. కానీ పేపర్లో రాకముందు మాత్రం చెప్పి తీరాలి. బిడ్డ సంగతి టీవీలో చూసి తెలుసుకున్న తల్లిదండ్రుల బాధ వేరుగా ఉంటుంది. ఆ బాధే తర్వాత కోపమవుతుంది.

మన ఆటగాళ్ళకు అసలు ఒత్తిడి మొదలయ్యేది స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వచ్చిన రోజు నుంచి. మరుసటి నెలకే సంబంధాలు వస్తాయి. అక్కడ "చూద్దాంలే" అని వాయిదా వేస్తూ పోయి పెళ్ళిచూపుల దాకా, నిశ్చితార్థం దాకా వెళ్ళకండి. తర్వాత ఆపితే ఆ అమ్మాయి, ఆ అబ్బాయి నలుగురిలో నలిగిపోతారు. ఆపకపోతే జీవితాంతం నలిగిపోతారు. మొదటి సంబంధం వచ్చినప్పుడే ఇంట్లో ఒక్కరికైనా చెప్పడం న్యాయం.

మాటలు వెతుక్కోవద్దు. ఇలా చెప్పవచ్చు:

"అమ్మా, నాకు సంబంధాలు చూడొద్దు. నాకు మొదటి నుంచీ అబ్బాయిల మీదే ఇష్టం. ఇది జబ్బు కాదు, ఎవరో నేర్పిందీ కాదు. నీకు అర్థం కావడానికి టైమ్ పడుతుందని తెలుసు. నేను ఎక్కడికీ పోను, ఆట మానను. నాన్నకి ఎప్పుడు చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం."

అమ్మాయి అయితే అందులో ఒక్క మాట మారుతుంది, అంతే. పండగకి చుట్టాలంతా ఉన్నప్పుడు, తాగి ఉన్నప్పుడు, పోటీకి ముందు రోజు మాత్రం చెప్పకండి. వీలైతే మర్నాడు క్యాంపుకి తిరిగి వెళ్ళే టికెట్ చేతిలో ఉంచుకుని చెప్పండి. ఇద్దరికీ ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది.

డాక్టరు దగ్గరికి, స్వామీజీ దగ్గరికి తీసుకెళ్ళి "మార్పించాలి" అంటే ఒప్పుకోవద్దు. ఇది వ్యాధి కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే ప్రకటించింది. ఇలాంటి "మార్పిడి చికిత్స" చేసే డాక్టరు వృత్తి నియమాలను ఉల్లంఘించినట్టేనని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. ఈ రెండు విషయాలూ నాన్నకి చూపించడానికి పేపర్ కటింగుల రూపంలో దగ్గర పెట్టుకోండి. మన మాటకంటే అచ్చులో ఉన్నదానికి పెద్దవాళ్ళు విలువిస్తారు.

కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా 112కి ఫోన్ చేయండి. మేజరైన మిమ్మల్ని ఇంట్లో బంధించే హక్కు తల్లిదండ్రులకు కూడా లేదు.

5. కాంట్రాక్టు, ఉద్యోగం చూసుకోండి

టీమ్‌తో మాట్లాడే ముందు మీ కాగితాలు చదవండి. ఫ్రాంచైజీ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది? స్పాన్సర్ ఒప్పందంలో "బ్రాండ్ ప్రతిష్ఠకు భంగం కలిగించే ప్రవర్తన" లాంటి క్లాజు ఉందా? ఉంటే లాయరుకి చూపించండి. 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు దారి చూపిస్తారు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి లాయరు ఉచితం.

సమయం ఎంత తేడా తెస్తుందో మూడు ఉదాహరణలు చూడండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్ల్ నాసిబ్ 2021 జూన్‌లో, సీజన్ లేని రోజుల్లో, రెయిడర్స్ టీమ్ కాంట్రాక్టు చేతిలో ఉండగా చిన్న వీడియోలో చెప్పాడు. సీజన్ మొదలవగానే మామూలుగా ఆడాడు. జేసన్ కాలిన్స్ 2013 ఏప్రిల్‌లో కాంట్రాక్టు అయిపోతున్న సమయంలో చెప్పాడు. మళ్ళీ టీమ్ దొరకడానికి 2014 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు బ్రూక్లిన్ నెట్స్ పది రోజుల కాంట్రాక్టుతో తీసుకుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడే అయిన మైకేల్ సామ్ 2014లో డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే కార్యక్రమానికి) మూడు నెలల ముందు ప్రపంచానికి చెప్పాడు. తన కాలేజీ లీగ్‌లో ఆ ఏడాది అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాళ్ళలో ఒకడిగా ఎంపికైనవాడు, డ్రాఫ్ట్‌లో 249వ వాడిగా మిగిలాడు. సీజన్‌కి ముందే టీమ్ వదులుకుంది. కాలిన్స్ వయసు, సామ్ ఆట తీరు కూడా కారణాలేనని వాదించేవాళ్ళున్నారు. ఏదైనా మీరు నేర్చుకోవాల్సింది ఒకటే: వేలానికి, ట్రయల్స్‌కి, రెన్యువల్‌కి ముందు చెప్పకండి. సంతకం అయ్యాక, సీజన్ లేనప్పుడు చెప్పండి.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే మీకు రక్షణ ఎక్కువ. లైంగిక ఇష్టాన్ని బట్టి ప్రభుత్వం వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని పైన చెప్పిన 2018 సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. ప్రైవేటు ఫ్రాంచైజీల మీద నేరుగా ఇలాంటి చట్టం మన దేశంలో లేదు. అందుకే అక్కడ కాంట్రాక్టే మీ ఆయుధం.

6. కోచ్, ఆ తర్వాత టీమ్

ఈ అంచెకు మంచి ఉదాహరణ గారెత్ థామస్. వేల్స్ రగ్బీ కెప్టెన్‌గా చేసినవాడు. 2006 నవంబరులో డ్రెస్సింగ్ రూమ్‌లో కుమిలిపోతుంటే కోచ్ స్కాట్ జాన్సన్ పక్కకి తీసుకెళ్ళి అడిగాడు, అతను చెప్పేశాడు. ఇది ఒక్కడివే మోయలేవని చెప్పి, కోచ్ ఇద్దరు సీనియర్లకు, స్టీఫెన్ జోన్స్‌కి, మార్టిన్ విలియమ్స్‌కి తెలియజేశాడు. వాళ్ళు వచ్చి భుజం తట్టారు, ముందే ఎందుకు చెప్పలేదన్నారు. పేపర్లకు తెలిసింది 2009 డిసెంబరులో. మూడేళ్ళు డ్రెస్సింగ్ రూమ్ దాటలేదు. మైకేల్ సామ్ కూడా 2013 ఆగస్టులో మిజోరీ యూనివర్సిటీ టీమ్ మొత్తానికీ చెబితే, ఆ సీజనంతా వాళ్ళు కడుపులో పెట్టుకున్నారు. "టీమ్‌కి చెబితే లోకానికి చెప్పినట్టే" అని చాలామంది అంటారు. ఎప్పుడూ అలా జరగదు.

కోచ్‌తో ఒంటరిగా, కూర్చుని మాట్లాడండి. నెట్స్ మధ్యలో వద్దు. ఏం చెబుతున్నారో దానితోపాటు ఏం కావాలో కూడా చెప్పండి. లేకపోతే కోచ్ కంగారులో తనకు తోచింది చేస్తారు.

"సర్, ఒక సొంత విషయం చెప్పాలి. నేను గే. నా ప్రాక్టీస్‌లో, ఆటలో ఏ మార్పూ ఉండదు. ప్రస్తుతానికి ఇది మీ దగ్గరే ఉండాలి సర్. టీమ్‌కి ఎప్పుడు చెప్పాలో నేనే చెబుతాను. రూమ్ దగ్గర ఎవరైనా ఇబ్బంది పెడితే మాత్రం మీ సాయం కావాలి."

కోచ్ "సరే, వెళ్ళు" అని ముభావంగా అంటే అది తిరస్కారం అనుకోవద్దు. మన కోచ్‌ల్లో చాలామందికి ఇలాంటి మాట వినడం ఇదే మొదటిసారి. వారం ఆగి చూడండి. కోచ్ మీద నమ్మకం లేకపోతే ఫిజియోకో, టీమ్ మేనేజర్‌కో, సీనియర్ ప్లేయర్‌కో చెప్పండి. కోచ్ అంచెను దాటేయవచ్చు.

టీమ్‌కి ఒక్కొక్కరికీ చెబుతూ పోతే మాట వంకర్లు తిరుగుతుంది. ముందు ఇద్దరు సీనియర్లకు చెప్పి, తర్వాత మీటింగ్‌లో రెండే నిమిషాల్లో చెప్పేయండి. ఎదురుగా అడిగేవి మూడు ప్రశ్నలు ఉంటాయి: రూమ్ ఎలా, డ్రెస్ మార్చుకునే చోట ఎలా, మాలో ఎవరైనా నచ్చారా. మూడో దానికి నవ్వుతూ "లేదన్నా, మీరంతా నాకు అన్నదమ్ములే" అని తేల్చేయండి. మొదటి రెండింటికీ "ఇన్నేళ్ళూ ఎలా ఉన్నామో అలాగే" అనండి. "తేడా" అనే వెక్కిరింత ఏ గ్రౌండ్‌లోనైనా వినబడుతుంది. మొదటిసారి అన్నప్పుడే, అరవకుండా, అందరి ముందు "ఆ మాట వద్దు" అని చెప్పండి. రెండోసారి అంటే ఆ పని మీది కాదు, కెప్టెన్‌ది.

7. పబ్లిక్‌గా చెప్పడం (ఇష్టమైతేనే)

ఆరో అంచె దగ్గర హాయిగా ఆగిపోవచ్చు. ముందుకు వెళ్తే మీ మాటలు మీరే రాయండి. డైవర్ టామ్ డేలీ 2013 డిసెంబరులో ఇంటర్వ్యూ ఇవ్వకుండా తనే వీడియో పెట్టాడు, తన మాటలు మెలిపెట్టకూడదని. మీరూ అదే చేయండి. తెలుగులో, రెండు నిమిషాలు, ఒక్కసారే. ఇంట్లోవాళ్ళకు, కోచ్‌కి, మేనేజర్‌కి రెండు రోజుల ముందు తెలియాలి. పోస్ట్ పెట్టాక కామెంట్లు ఆపేయండి, ఫోన్ ఫ్రెండ్ చేతికిచ్చి ప్రాక్టీస్‌కి వెళ్ళండి.

విలేకరితో "ఆఫ్ ది రికార్డ్" అని నమ్మి చెప్పకండి. 1981లో మార్టినా నవ్రతిలోవా అమెరికా పౌరసత్వం కోసం ఎదురుచూస్తూ, ఇప్పుడే రాయొద్దని ఒక విలేకరిని అడిగింది. పౌరసత్వం వచ్చిన కొద్ది రోజులకే, ఆమె సిద్ధం కాకముందే, రాసేశారు. టీవీ చర్చలకు వెళ్ళకండి. అక్కడ మీ పక్కన కూర్చోబెట్టేది మిమ్మల్ని తిట్టడానికి పిలిచిన మనిషిని. యూట్యూబ్ ఛానెళ్ళ వాళ్ళు ఇంటర్వ్యూ అడిగితే ప్రశ్నలు ముందే రాసి పంపమనండి.

పార్ట్‌నర్ పేరు, ఫొటో వాళ్ళ అనుమతి లేకుండా పెట్టకండి. 2019లో ద్యుతీ తన మనిషి పేరు చెప్పలేదు. తను ఒత్తిడిలో ఉండి కూడా అవతలి అమ్మాయిని కాపాడింది.

విదేశీ టోర్నీలుంటే ఆ దేశం చట్టం చూసుకోండి. ఖతర్, సౌదీ అరేబియా, యూఏఈ, మలేషియా, బంగ్లాదేశ్, ఉగాండాల్లో స్వలింగ సంబంధం ఇంకా నేరమే. ఆస్ట్రేలియా ఫుట్‌బాలర్ జాష్ కవాలో 2021లో తన విషయం చెప్పాక, ఖతర్ ప్రపంచ కప్‌కి వెళ్ళాల్సి వస్తే భయపడతానని బహిరంగంగానే అన్నాడు. మీరు వెళ్ళక తప్పకపోతే ఫోన్లోంచి యాప్‌లు తీసేసి, టీమ్‌తోనే తిరగండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*అన్నీ ఒకే రోజు తేల్చేయడం.* ఫుట్‌బాలర్ రాబీ రోజర్స్ 2013 ఫిబ్రవరిలో ఒకే పోస్టులో గే అని చెప్పి, ఆట మానేస్తున్నానని కూడా ప్రకటించాడు. గే ఆటగాడికి టీమ్‌లో చోటుండదని అనుకున్నాడు. మే నెలకల్లా ఎల్‌ఏ గెలాక్సీలో చేరి మళ్ళీ గ్రౌండ్‌లోకి వచ్చాడు. రాజీనామా ఉత్తరం, పెళ్ళి రద్దు, ఇల్లు వదలడం లాంటివి ఇదే వారంలో పెట్టుకోవద్దు.

*వేరే వాళ్ళ విషయం కూడా చెప్పేయడం.* "నేనొక్కడినే కాదు, ఫలానా అన్న కూడా" అనడం ద్రోహం. ఏ కోచ్ గుచ్చి అడిగినా నోరు విప్పకండి.

*హార్మోన్ల సంగతితో కలిపేయడం.* ద్యుతీని 2014లో కామన్వెల్త్ క్రీడల నుంచి తప్పించింది, మహిళా అథ్లెట్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ హార్మోను ఇంతకు మించకూడదన్న నిబంధన వల్ల. 2015లో క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు ఆ నిబంధనను తాత్కాలికంగా నిలిపేసింది. ఆమె ప్రేమ సంగతికి, దానికి సంబంధమే లేదు. మీరు గే అనో లెస్బియన్ అనో చెప్పినంత మాత్రాన ఏ సంఘమూ ఏ వైద్య పరీక్షా చేయించుకోమనకూడదు. అడిగితే రాతపూర్వకంగా ఇవ్వమనండి.

*పెళ్ళి హక్కు వచ్చేసిందనుకోవడం.* స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పింది. అయితే జాయింట్ ఖాతా తెరవడానికి, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. ప్రైజ్ మనీ ఉన్న ఖాతాకు ఆ పని ఈ వారమే చేయండి.

మీరు కోచో, టీమ్‌మేటో అయితే

విన్న వెంటనే "నాకు చెప్పినందుకు థాంక్స్" అనండి. తర్వాత "ఇంకెవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదు?" అని అడగండి. మిగతావన్నీ తర్వాత. రూమ్ మార్చకండి, వాళ్ళు అడిగితే తప్ప. ఇంటికి ఫోన్ చేసి చెప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ ఒక్క ఫోన్ వల్ల చదువు, ఆట, ఇల్లు మూడూ పోయే ప్రమాదం ఉంది.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి వారం ఏమీ తేల్చకండి. అందరూ అతి మంచిగానో, అతి ముభావంగానో ఉంటారు. నాలుగు వారాల తర్వాత చూసుకోండి. నిద్ర పడుతోందా? తిండి తింటున్నారా? టైమింగులు, స్కోర్లు ముందున్నట్టే ఉన్నాయా? టీమ్ బయటికి తినడానికి వెళ్తే మిమ్మల్ని పిలుస్తున్నారా? మీరు చెప్పని మనిషికి విషయం తెలిసిందా? తెలిసి ఉంటే ఏ అంచె దగ్గర జారిందో కనుక్కుని, ఆ మనిషితో నేరుగా మాట్లాడండి.

అమ్మ ఇంకా ఏడుస్తూ ఉండవచ్చు. అది విఫలం కాదు. ఫోన్ ఎత్తుతోందంటే, "తిన్నావా" అని అడుగుతోందంటే దారి ఉన్నట్టే.

సెలక్షన్‌లో తేడా వచ్చిందనిపిస్తే మొదట చెప్పిన రికార్డు బయటికి తీయండి. చెప్పకముందు ఆరు నెలల స్కోర్లు, చెప్పిన తర్వాత స్కోర్లు, మీ స్థానంలో ఎంపికైనవాళ్ళ స్కోర్లు పక్కపక్కన పెట్టండి. మీవే తక్కువైతే ఒప్పుకుని ప్రాక్టీస్ చేయండి. మీవి ఎక్కువై కూడా తీసేస్తే, కారణం అడుగుతూ సంఘానికి ఈమెయిల్ పంపండి. ఫోన్‌లో మాట్లాడితే సాక్ష్యం ఉండదు. జవాబు రాకపోతే రాష్ట్ర క్రీడా శాఖకు, తర్వాత హైకోర్టుకు వెళ్ళవచ్చు. బీసీసీఐ ప్రభుత్వ సంస్థ కాకపోయినా రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద హైకోర్టులో ప్రశ్నించవచ్చని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. రిట్ వేసే లాయరు మొదట అడిగేది తేదీలు ఉన్న కాగితాలే. అందుకే ఈ రోజు ప్రాక్టీస్ అయ్యాక మీ టైమింగ్ షీట్ ఫొటో తీసి, మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి.